తూగును తూచే తక్కెళ్లు

మెలకువగా ఉండాల్సిన వేళ మెలకువ నిలవకపోవడాన్ని వైద్యులు పగటి నిద్రమత్తు అంటారు. స్లీప్ అప్నియా ఉన్నవారిని ఆసుపత్రి దాకా తీసుకొచ్చే ఫిర్యాదుల్లో గురక ఒకటి, ఇది ఇంకొకటి. గురక ఇంట్లోవాళ్ల బాధ, నిద్రమత్తు ఆ మనిషి సొంత బాధ. ఈ జబ్బులో నిద్రపోగానే గొంతు కండరాలు సడలి గాలి దారి మూసుకుపోతుంది. ఛాతీ ఎగసిపడుతున్నా గాలి లోపలికి పోదు. కనీసం 10 సెకన్లు అలా సాగితే దాన్ని ఒక అప్నియాగా లెక్కిస్తారు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంటే మెదడు ఉలిక్కిపడుతుంది, గొంతు తెరుచుకుంటుంది, పెద్ద గురకతో ఊపిరి అందుతుంది, మళ్లీ నిద్ర కమ్ముకుంటుంది. ఈ తంతు గంటకు 30 సార్లకు మించి జరిగేవారూ ఉన్నారు. మెదడు మేలుకునే ఆ క్షణాలు కొద్ది సెకన్లవే కాబట్టి పొద్దున్నకు ఒక్కటీ గుర్తుండదు. ఎనిమిది గంటలు ఒళ్లెరగకుండా పడుకున్నాననుకునే మనిషి పదకొండింటికల్లా ఆఫీసు కుర్చీలో తల వాల్చేస్తాడు.

ఆ తల వాల్చడాన్ని అంకెల్లోకి ఎలా తేవాలన్నది నిద్ర వైద్యంలో దశాబ్దాలుగా నలుగుతున్న ప్రశ్న. జ్వరానికి థర్మామీటరుంది, రక్తపోటుకు చేతికి చుట్టే పట్టీ ఉంది. నిద్రమత్తును పట్టిచ్చే రక్తపరీక్ష మాత్రం ఆసుపత్రుల్లో ఇప్పటికీ లేదు. ఉన్నవల్లా కొన్ని ప్రశ్నపత్రాలు, కొన్ని ప్రయోగశాల పరీక్షలు. ఒక్కోటి ఒక్కో పక్క నుంచి చూస్తుంది, ఒకదాని జవాబు ఇంకోదానితో చాలాసార్లు పొసగదు. తెలుగులో ‘తూగు’ అనే ఒక్క మాటే నిద్రకు ఊగడాన్నీ, బరువుకు సరిపోవడాన్నీ చెబుతుంది. ఈ తూగును ఆ తూగులోకి మార్చడమే కష్టమైన పని.

మొదటి చిక్కు మాటల్లోనే ఉంది. నిద్రమత్తు వేరు, అలసట వేరు. అలసిన మనిషి కూర్చుంటే సేదతీరతాడు, నిద్రమత్తు ఉన్న మనిషి కూర్చుంటే నిద్రపోతాడు. రోగులు ఈ తేడా పాటించరు. 2000లో మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యుడు రోనాల్డ్ చెర్విన్ 190 మంది అప్నియా రోగులను మీకున్న బాధల్లో అన్నిటికంటే పెద్దది ఏదని అడిగారు. సుమారు 40 శాతం మంది ఒంట్లో శక్తి లేకపోవడమన్నారు. నిద్రమత్తును ఎంచుకున్నది సుమారు 22 శాతమే. మన దగ్గర ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. నీరసం అన్న ఒక్క మాటలో రక్తహీనత, షుగరు, దిగులు, నిద్రలేమి అన్నీ ఇమిడిపోతాయి. ‘నీరసంగా ఉంది డాక్టరుగారూ’ అన్న రోగికి బలం మందు రాసిచ్చి పంపితే అప్నియా ఏళ్ల తరబడి బయటపడదు. అదే ‘పేపరు చదువుతుంటే చేతిలోంచి జారిపోతోందా?’ అని అడిగితే కథ మారుతుంది.

నిద్రమత్తు ఎంత దూరం పోగలదో చెప్పే ఉదాహరణ 1956 నాటిది. అమెరికాలో సిడ్నీ బర్వెల్ బృందం భారీకాయుడైన ఒక 51 ఏళ్ల వ్యాపార అధికారి గురించి రాసింది. ఆయన వారంవారం పేకాట ఆడేవాడు. ఒకనాడు చేతికి మూడు ఆసులు, రెండు రాజులు వచ్చాయి. పోకర్‌లో అది ఫుల్ హౌస్, డబ్బులు వచ్చిపడే ముక్కలు. వాటిని చేతిలో పట్టుకునే ఆయన నిద్రలోకి జారిపోయాడు. ఆ తర్వాతే ఆసుపత్రిలో చేరాడు. డికెన్స్ నవల ‘పిక్‌విక్ పేపర్స్’లో నిలబడి నిద్రపోయే లావుపాటి కుర్రాడు జో ఉంటాడు కాబట్టి, బర్వెల్ బృందం దీనికి పిక్‌వికియన్ సిండ్రోమ్ అని పేరు పెట్టింది. ఇలాంటి రోగులకు నిద్రలో ఊపిరి ఆగుతోందని 1965లో ఫ్రాన్స్, జర్మనీ పరిశోధకులు రికార్డు చేశారు. 1976లో స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టియన్ గియోమినో బృందం స్లీప్ అప్నియా సిండ్రోమ్ అన్న పేరు ఖాయం చేసింది.

ఊపిరి ఎన్నిసార్లు ఆగింది?

ఊపిరి ఆగడాన్ని లెక్కపెట్టగలిగాక, ఆ లెక్కే నిద్రమత్తునూ చెబుతుందని అందరూ ఆశించారు. రాత్రంతా తలకు, ఛాతీకి, వేలికి తీగలు తగిలించి చేసే స్లీప్ స్టడీలో గంటకు ఎన్నిసార్లు ఊపిరి పూర్తిగానో సగంగానో ఆగిందో తేలుతుంది. 5 నుంచి 15 లోపు ఉంటే స్వల్పం, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. సూటైన లెక్క. కానీ పగటి నిద్రమత్తు దీని మాట వినదు.

1993లో వచ్చిన విస్కాన్సిన్ అధ్యయనం ఆ సంగతి తేల్చింది. 30 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న ఉద్యోగుల్లో మగవారిలో 24 శాతం, ఆడవారిలో 9 శాతం మందికి గంటకు 5 లేదా అంతకు మించి ఊపిరి ఆగుతోంది. దానితోపాటు పగటి నిద్రమత్తు కూడా ఉన్నవారిని వేరుచేస్తే ఆ సంఖ్యలు 4, 2 శాతానికి పడిపోయాయి. ఢిల్లీలో మధ్యవయస్కుల మీద జరిపి 2009లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే తీరు. అప్నియా 9.3 శాతం మందికి ఉంది, పగటి లక్షణాలతో కూడిన అప్నియా 2.8 శాతానికే. ఊపిరి ఆగేవారిలో ఎక్కువమంది పగలు తూగడం లేదు, లేదా తూగుతున్నామని వారికి తెలియడం లేదు. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చాలన్నా మంచి కొలత ఒకటి చేతిలో ఉండాలి.

ఈ తేడాకు కారణాలు కొన్ని తెలుసు. నిద్ర చెదిరినా తట్టుకునే శక్తి మనిషికీ మనిషికీ మారుతుంది. కొందరిలో ఆక్సిజన్ లోతుగా పడుతుంది, కొందరిలో అంతగా పడదు. మాటిమాటికీ ఆక్సిజన్ తగ్గితే ఎలుకల మెదడులో మెలకువను నిలిపే కణాలు దెబ్బతింటాయని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సిగ్రిడ్ వీసీ ప్రయోగాలు చూపించాయి. ఇక లావు, దిగులు, మందులు, చాలినంత సేపు పడుకోకపోవడం సరేసరి. రాత్రి పన్నెండు దాకా ఫోను చూసి అయిదింటికి లేచేవాడికి అప్నియా లేకపోయినా పగలు నిద్ర వస్తుంది.

ఎనిమిది ప్రశ్నలు

ప్రపంచంలో ఎక్కువగా వాడే కొలమానం ఒక కాగితం. మెల్‌బోర్న్‌లోని ఎప్‌వర్త్ ఆసుపత్రి వైద్యుడు ముర్రే జాన్స్ దాన్ని 1990లో తయారుచేసి 1991లో ప్రచురించారు. ఆ ఆసుపత్రిని స్థాపించింది మెథడిస్టు క్రైస్తవులు. తమ మతగురువు జాన్ వెస్లీ పుట్టిన ఇంగ్లండ్ ఊరి పేరే దానికి పెట్టుకున్నారు. జాన్స్ తన కొలమానానికి ఆసుపత్రి పేరే పెట్టడంతో ఓ చిన్న ఊరి పేరు ఇవాళ ప్రతి స్లీప్ ల్యాబ్ ఫైలు మొదటి పేజీకి ఎక్కింది.

జాన్స్ పట్టుకున్న సూక్ష్మం చిన్నది, పదునైనది. ‘మీకెంత నిద్ర వస్తోంది?’ అని అడిగితే వచ్చే జవాబు ఆ నిమిషానిది. 1973లో స్టాన్‌ఫర్డ్‌లో రూపొందిన ఏడు మెట్ల కొలమానం, 1990లో స్వీడన్‌లో వచ్చిన తొమ్మిది మెట్ల కరోలిన్‌స్కా కొలమానం చేసేది అదే. కాఫీ తాగి వచ్చిన రోగి ఒకలా, భోంచేసి వచ్చిన రోగి ఒకలా చెబుతాడు. జాన్స్ భావాన్ని వదిలేసి ప్రవర్తనను అడిగారు. ఈమధ్య రోజుల్లో ఫలానా చోట కునుకు పట్టే అవకాశం ఎంత? కూర్చుని చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, సభలోనో థియేటర్లోనో ఊరికే కూర్చున్నప్పుడు, గంటసేపు ఆగకుండా సాగే కారు ప్రయాణంలో, మధ్యాహ్నం వీలుచూసుకుని నడుం వాల్చినప్పుడు, ఎవరితోనైనా మాట్లాడుతున్నప్పుడు, మద్యం తాగకుండా భోంచేసి నింపాదిగా కూర్చున్నప్పుడు, ట్రాఫిక్‌లో కారు కొద్ది నిమిషాలు ఆగినప్పుడు. అసలు పట్టదంటే 0, కాస్త అవకాశముంటే 1, ఓ మాదిరిగా ఉంటే 2, బాగా ఉంటే 3. మొత్తం 24.

ఈ ఎనిమిది ఒకే బరువున్న ప్రశ్నలు కావు. మధ్యాహ్నం నడుం వాల్చితే ఎవరికైనా కన్నంటుకుంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రపోవడం వేరే సంగతి. ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయతో అన్నం తిని చాప మీద ఒరిగిన మనిషి అయిదో ప్రశ్నకు 3 వేసుకుంటే అది జబ్బు కిందికి రాదు. ఆరో ప్రశ్నకు 2 వేసుకుంటే వైద్యుడు కలం కింద పెట్టి తలెత్తి చూడాలి. 10 దాకా మామూలు, 11–12 స్వల్పం, 13–15 మధ్యస్థం, 16 నుంచి తీవ్రం. 1991 నాటి మొదటి వ్యాసంలో ఆరోగ్యవంతుల సగటు 5.9. గురక మాత్రమే ఉన్నవారిది 6.5, అప్నియా ఉన్నవారిది 11.7, మెలకువ ఉన్నట్టుండి చేజారిపోయే నార్కోలెప్సీ రోగులది 17.5. రాత్రి నిద్రపట్టదని బాధపడేవారిది 2.2 మాత్రమే. నిద్ర పట్టనివారికి పగలూ పట్టదు!

అయితే ఈ సగటుల వెనక ఒక్కో మనిషీ దాక్కుంటాడు. అమెరికాలో స్లీప్ హార్ట్ హెల్త్ అధ్యయనం 1999లో 1,824 మంది లెక్కలు ప్రచురించింది. ఊపిరి దాదాపు ఆగనివారి సగటు స్కోరు 7.2, గంటకు 30 లేదా అంతకు మించి ఆగేవారిది 9.3. తీవ్ర అప్నియా ఉన్నవారి సగటే మామూలు గీత దాటలేదు! 11 గానీ ఆపైన గానీ వచ్చినవారు వారిలో 35 శాతం. అప్నియా లేనివారిలోనూ 21 శాతం మందికి అంత వచ్చింది. కాబట్టి స్కోరు తక్కువ వచ్చిందని ‘మీకు అప్నియా లేదు పొండి’ అనడం తప్పు. ఎక్కువ వచ్చిందని అప్నియా అనేయడమూ తప్పే. ఈ కాగితం జబ్బును పట్టే వల కింద పనికిరాదు, ఉన్న నిద్రమత్తును తూచడానికే పనికొస్తుంది.

ప్రశ్నపత్రం ఊరు దాటి వచ్చినప్పుడు ఇంకో ఇబ్బంది. ఎనిమిదింటిలో రెండు కారు చుట్టూ తిరుగుతాయి. జీవితమంతా ఆర్టీసీ బస్సులోనూ బండి వెనక సీటు మీదా తిరిగిన గృహిణి ట్రాఫిక్‌లో ఆగిన కారు ప్రశ్నకు ఏం చెబుతుంది? పుస్తకం పట్టని మనిషి చదివేటప్పుడు కునుకు గురించి ఏం చెబుతాడు? ఉత్తర భారతంలో హిందీ రూపం తయారుచేసినవారు ఈ కారణంగానే ప్రశ్నలను సవరించాల్సి వచ్చింది. తెలుగులో నోటితో అనువదించి అడిగేచోట అడిగేవారి మాటను బట్టి స్కోరు మారే ప్రమాదముంది. ‘నిద్రపోతారా’ అంటే లేదంటారు, ‘కునుకు పడుతుందా’ అంటే కొంచెమంటారు, ‘కన్ను మూత పడుతుందా’ అంటే ఒప్పుకుంటారు. దిగాల్సిన స్టాపు దాటిపోయిందా, పూజలోనో సత్యనారాయణ వ్రత కథ వింటూనో తూలారా, పిల్లలు నవ్వారా అని అడిగితే ఇంకా నిజం బయటికొస్తుంది.

ఆపైన మనిషికి తన నిద్రమత్తు తనకు తెలియదన్న పెద్ద అడ్డంకి. పదేళ్లుగా అలాగే ఉన్నవాడికి అదే మామూలు. భార్యనో భర్తనో అదే కాగితం నింపమంటే చాలాసార్లు వేరే అంకె వస్తుంది. అందుకే అనుభవమున్న వైద్యులు ఇంటివాళ్లను గదిలోకి పిలుస్తారు. ఉద్యోగం పోతుందన్న భయమున్న డ్రైవరు దగ్గర ఈ కాగితానికి విలువ దాదాపు ఉండదు. అన్నిటికీ సున్నా పెట్టడానికి అరనిమిషం చాలు.

నిద్రపొమ్మనే పరీక్ష, నిద్రపోవద్దనే పరీక్ష

మాట మీద నమ్మకం లేనిచోట మెదడు తరంగాలను పట్టే ఈఈజీ తీగలు కావాలి. స్టాన్‌ఫర్డ్‌లో విలియం డిమెంట్, మేరీ కార్‌స్కడన్ 1970ల్లో రూపొందించిన పరీక్షకు ఎంఎస్ఎల్‌టీ అని పేరు. దాని వెనక తర్కం పల్లెటూరి అమ్మమ్మకు కూడా తెలిసిందే. నిద్ర ఎంత ఎక్కువగా వస్తుంటే అంత త్వరగా పడుతుంది. కాబట్టి కళ్లు మూసిన దగ్గర్నుంచి నిద్రపట్టే దాకా నిమిషాలు లెక్కపెట్టాలి.

పరీక్షకు ముందు రాత్రి ల్యాబులోనే పడుకుని స్లీప్ స్టడీ చేయించుకోవాలి. సరిగా పడుకోనివారిని మర్నాడు కొలవడం దండగ. నిద్రలేచిన గంటన్నర నుంచి మూడు గంటల లోపు మొదటి విడత మొదలవుతుంది. చీకటి గదిలో పడుకోబెట్టి, కళ్లు మూసుకుని నిద్రపోవడానికి ప్రయత్నించమంటారు. 20 నిమిషాల్లో పట్టకపోతే దీపం వేస్తారు, పడితే ఎన్నో నిమిషంలో పట్టిందో రాసుకుంటారు. తెర మీద మెదడు తరంగాలను 30 సెకన్ల ముక్కలుగా విడదీస్తారు. ఏ ముక్కలో సగానికి మించి నిద్ర కనిపిస్తుందో అక్కడ నిద్ర మొదలైనట్టు. రెండు గంటలకొకసారి చొప్పున నాలుగైదు విడతలు. మధ్యలో నిద్రపోకూడదు, కాఫీ తాగకూడదు. సగటు 8 నిమిషాలకు తక్కువ వస్తే నిద్రమత్తు ఉన్నట్టే లెక్క.

ఇందులో దొంగలెక్క కష్టం. రోగి మెలకువగా ఉన్నానని బుకాయించినా తరంగాలు బుకాయించవు. కానీ పరీక్షకు తన సొంత గుడ్డితనం ఉంది. పడుకోబెట్టి, దీపం ఆర్పి, నిద్రపొమ్మని చెప్పడం ఆఫీసులో ఎవరూ చేసే పని కాదు. నిద్ర చాలని కాలేజీ కుర్రాడూ ఇందులో అయిదారు నిమిషాల్లో నిద్రపోగలడు. అందుకే అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ 2005 మార్గదర్శకాల్లో దీన్ని అప్నియా రోగులకు మామూలుగా చేయనక్కర్లేదని చెప్పింది. అప్నియాకు వైద్యం సరిగా జరిగాక కూడా మత్తు వదలకపోతే, వెనక నార్కోలెప్సీ ఉందేమోనన్న అనుమానానికి ఇది పనికొస్తుంది.

దీన్ని తిరగేస్తే ఎండబ్ల్యూటీ. 1982లో మెర్రిల్ మిట్లర్ బృందం ప్రతిపాదించిన ఈ పరీక్షలో రోగిని మంచం మీద దిండ్లకు ఆనించి కూర్చోబెడతారు. గదిలో రాత్రి దీపమంత వెలుతురు. పాట పాడకూడదు, ముఖం రుద్దుకోకూడదు, గిల్లుకోకూడదు, ఊరికే ఎదురుగా చూస్తూ మెలకువగా ఉండాలి. 40 నిమిషాలు, నాలుగు విడతలు. ఆరోగ్యవంతుల సగటు 30 నిమిషాల పైచిలుకు. 8 నిమిషాల లోపే నిద్రపోతే స్పష్టంగా అసహజం. నాలుగు విడతల్లోనూ 40 నిమిషాలు నిలబడితే గట్టి మెలకువకు సాక్ష్యం. మధ్యలో పడేవారే చాలామంది, వారి విషయంలో పరీక్ష గీత గీసి చెప్పలేదు. జీవితంలో కావలసింది నిద్రను ఆపుకునే శక్తే కాబట్టి, చికిత్స ఫలించిందా లేదా అన్న ప్రశ్నకు దీని జవాబే దగ్గరగా ఉంటుంది.

రెండు పరీక్షలకూ రోజంతా పడుతుంది, టెక్నీషియన్ పక్కనే ఉండాలి, ఖర్చూ తక్కువ కాదు. ఆక్స్‌ఫర్డ్ వైద్యులు 1997లో తీగల్లేని దారి చూపారు. ఆస్లర్ పరీక్ష అనే దీనిలో 3 సెకన్లకొకసారి చిన్న దీపం వెలుగుతుంది, వెలిగిన ప్రతిసారీ మీట నొక్కాలి. వరుసగా ఏడుసార్లు, అంటే 21 సెకన్లు, నొక్కకపోతే నిద్రపోయినట్టు. ఒకటి రెండుసార్లు తప్పి మళ్లీ నొక్కడం కూడా రికార్డవుతుంది. ఆ చిన్న తప్పులే కన్ను తెరిచి ఉండగానే వచ్చే క్షణకాలపు నిద్రల జాడ.

శ్రద్ధ ఎంత తప్పుతోందో చూసేది పీవీటీ. డేవిడ్ డింజెస్, జాన్ పావెల్ 1985లో తెచ్చిన ఈ పరీక్షలో తెర మీద అంకె ఎప్పుడు పరుగెడుతుందో ముందుగా తెలియదు, కనిపించగానే నొక్కాలి. 10 నిమిషాలు. అర సెకను దాటిన ప్రతి జవాబూ ఒక తప్పు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు కూడా దీని పొట్టి రూపాన్ని వాడారు. చీకట్లో కంటిపాప ఊగిసలాటను ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో 11 నిమిషాలు చూసే జర్మన్ పద్ధతి ఒకటుంది. నిద్ర ముంచుకొస్తున్నప్పుడు పాప నిలకడ తప్పి పెద్దదవుతూ చిన్నదవుతూ ఉంటుంది. మాటలతో పని లేదన్నది దాని గొప్ప, పరికరం అన్నిచోట్లా దొరకదన్నది దాని లోపం.

మాస్కు పెట్టాక

1981లో సిడ్నీలో కోలిన్ సలివన్ ముక్కు మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా ఆపే సీప్యాప్‌ను చూపించారు. అది నిజంగా మత్తు వదిలిస్తుందా, లేక యంత్రం మీద నమ్మకమే మనిషికి హుషారిస్తుందా అన్నది 1999లో ఆక్స్‌ఫర్డ్‌లో తేలింది. 107 మంది మగ రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు సరైన ఒత్తిడి, రెండో జట్టుకు అదే యంత్రం, అదే మాస్కు, కానీ పనిచేయనంత తక్కువ ఒత్తిడి. ఎవరికి ఏది ఇచ్చారో రోగులకు తెలియదు. నెల తర్వాత మొదటి జట్టు ఎప్‌వర్త్ స్కోరు 15.5 నుంచి 7కు దిగింది. మెలకువ నిలుపుకునే సమయం 22.5 నిమిషాల నుంచి 32.9కి పెరిగింది. ఉత్తుత్తి గాలి జట్టు స్కోరు కూడా 15 నుంచి 13కు తగ్గింది. నమ్మకం విలువ ఆ రెండు పాయింట్లు. అందువల్ల క్లినిక్‌లో ఎవరి స్కోరైనా రెండు పాయింట్లు తగ్గినంత మాత్రాన సంబరపడకూడదు.

రోజూ మాస్కు పెట్టుకుంటున్నా కొందరికి మత్తు పూర్తిగా వదలదు. అప్పుడు ముందు చూడాల్సింది యంత్రంలోని కార్డు. రాత్రికి ఎన్ని గంటలు వాడారో అది చెబుతుంది, రోగి చెప్పే గంటలు తరచూ దానికంటే ఎక్కువే ఉంటాయి. నిద్ర గంటలు, దిగులు, థైరాయిడ్, వాడే మందులు చూశాక కూడా మత్తు మిగిలితే మెలకువ మందుల ప్రశ్న వస్తుంది. ఇక్కడ కొలతే నిర్ణేత. 2019లో అమెరికాలో సోల్రియంఫెటాల్‌కు అనుమతి వచ్చింది ఎండబ్ల్యూటీ నిమిషాలూ ఎప్‌వర్త్ స్కోరూ రెండూ మెరుగయ్యాయని చూపించాకే. మొడాఫినిల్‌కు అమెరికా 2004లో అప్నియా మత్తుకు అనుమతి ఇస్తే, యూరప్ తర్వాతి దశాబ్దం మొదట్లో అదే వాడకాన్ని లేబుల్ నుంచి తీసేసింది.

కొలత బరువు అన్నిటికంటే ఎక్కువగా తెలిసేది రోడ్డు మీద. ఐరోపా సమాఖ్య 2014 ఆదేశం ప్రకారం మధ్యస్థ, తీవ్ర అప్నియాతోపాటు పగటి నిద్రమత్తు ఉన్నవారికి లైసెన్సు ఇచ్చే ముందు వైద్యుడి అభిప్రాయం కావాలి. ఊపిరి ఆగడానికి ఆ ఆదేశం 15, 30 అని అంకెలు చెప్పింది, నిద్రమత్తుకు ఏ అంకె చెప్పలేదు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో పియర్ ఫిలిప్ బృందం ఆ ఖాళీలోకి వెళ్లింది. వైద్యం మొదలుకాని 38 మంది అప్నియా రోగులను, 14 మంది ఆరోగ్యవంతులను ఎండబ్ల్యూటీ చేసి, తర్వాత నిజమైన హైవే మీద 90 నిమిషాలు కారు నడపమన్నారు. పక్కన శిక్షకుడు. 2008లో వచ్చిన ఫలితంలో 19 నిమిషాల లోపు నిద్రపోయినవారే కాదు, 20–33 నిమిషాలు నిలబడినవారు కూడా ఆరోగ్యవంతుల కంటే ఎక్కువసార్లు తెల్లగీత దాటారు. క్లినిక్‌లో 8 నిమిషాలు చాలునన్న గీత రోడ్డు మీద చాలదు.

ఇంకో సంగతి మిగిలే ఉంది. ఎండబ్ల్యూటీ మొదటి విడత ఉదయం తొమ్మిది పది గంటల మధ్య మొదలై చివరిది సాయంత్రానికి ముగుస్తుంది. శరీర గడియారం మనిషిని అన్నిటికంటే గట్టిగా నిద్రలోకి లాగేది రాత్రి రెండు నుంచి అయిదు లోపు. హైదరాబాదులో రాత్రి పదింటికి బయలుదేరిన బెంగళూరు బస్సు ఆ వేళకు రాయలసీమ దాటుతూ ఉంటుంది.